పదహారు శాతమేనా అనకండి

మోరిస్‌విల్‌లో మేం నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ముగ్గురిది క్లినికల్ ట్రయల్స్ డేటా పనే. మొన్న ఆదివారం పప్పుచారు తింటూ ఒక పాత ట్రయల్ మీద గట్టిగా వాదించుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

ఎసైక్లోవిర్ మాత్ర మీకూ తెలిసే ఉంటుంది. సర్పి వస్తే మన ఊళ్లో మెడికల్ షాపువాడు ఇచ్చేదే. దాన్ని తెచ్చింది బరోస్ వెల్కమ్ కంపెనీ. వాళ్ల ల్యాబు మా పక్కనే ఉన్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఉండేది. అక్కడ పనిచేసిన గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ వచ్చింది. హెచ్ఐవికి మొదటి మందు ఏజెడ్‌టీ కూడా ఆ కంపెనీదే. 1987లో వచ్చినప్పుడు దాని ఖర్చు ఏడాదికి దాదాపు 10,000 డాలర్లు.

అంత డబ్బు ఆఫ్రికా పల్లెల్లో ఎవరి దగ్గరుంటుంది? తర్వాత రేట్లు తగ్గినా, సీడీ4 కణాలు బాగా పడిపోయేదాకా మందు మొదలుపెట్టేవాళ్లు కాదు. ఈలోగా జబ్బును కాస్త ఆపేదేమైనా ఉందా? హెర్పిస్ కూడా ఉంటే హెచ్ఐవి ఇంకా రెచ్చిపోతుంది. అందుకే 7 దేశాల్లో, రెండు వైరస్‌లూ ఉన్న 3,381 మందితో ట్రయల్ చేశారు. సగం మందికి రోజుకి రెండుసార్లు ఎసైక్లోవిర్, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. 2010లో ఫలితాలొచ్చాయి. భాగస్వామికి అంటుకోవడం తగ్గలేదు. కానీ జబ్బు ముదిరే ముప్పు 16 శాతం తగ్గింది.

"పదహారేనా? వేస్టు" అన్నాడు మావాడు. మిగతా ముగ్గురం ఒప్పుకోలేదు.

పేటెంటు అయిపోయిన మాత్ర మీద ఏ కంపెనీ కోట్లు పెడుతుంది? ఆ ట్రయల్ గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచింది. లేకపోతే ఆ ప్రశ్న ఎవరూ అడిగేవాళ్లే కాదు. ‘అంటుకోవడం ఆగదు’ అని తేలడమూ లాభమే, పేద దేశాలు ఆ ఆశతో డబ్బు తగలేయలేదు.

ఇప్పుడు హెచ్ఐవి బయటపడగానే అసలు మందే ఇస్తున్నారు. 2017లో మన హైదరాబాద్ అరబిందో, మైలాన్ కలిసి ఏడాదికి 75 డాలర్లకే రోజుకో మాత్ర ఇస్తామని ఒప్పుకున్నాయి. గర్వంగానే ఉంది. కానీ చవగ్గా చేయడం ఒక పని, పనిచేస్తుందో లేదో తేల్చడం ఇంకో పని. 2025లో అమెరికా విదేశీ సాయం ఆపేస్తే ఆఫ్రికాలో ట్రయల్స్ మధ్యలోనే ఆగిపోయాయి.

మా స్క్రీన్ మీద సబ్జెక్టు నంబరే కనిపిస్తుంది. ఆ మనిషి రెండేళ్ల దాకా క్లినిక్ చుట్టూ తిరిగి రక్తం ఇచ్చి ఉంటాడు. మధ్యలో ఆపేస్తే ఆ రక్తానికి అర్థమేంటి?

మాకిక్కడ ఓటు లేదు, టాక్సు మాత్రం కడతాం. అందులో కొంత, ఎవరికీ లాభం రాని మాత్రల పరీక్షకి పోతే మాకు అభ్యంతరం లేదు. మీకు?