వంటింటి కబుర్లు: రొట్టె మీద గోంగూర

"పిల్లలు స్కూలుకి అన్నం పట్టుకెళ్ళమంటున్నారు, ఏం పెట్టమంటారు?" అని ఒక సోదరి అడిగారు. కెల్లీవిల్‌లో మా ఇంటి బాధా అదేనండీ. మావాడు ఇడ్లీల డబ్బా అలాగే తిరిగి తెచ్చి, "అందరిలా వెజిమైట్ శాండ్‌విచ్ పెట్టమ్మా" అని ఒకటే గొడవ.

సరే, కొన్నాను. నల్లగా తారులా ఉంది. ఆవకాయ కలిపే ధోరణిలో చెంచాడు పట్టించాను. వాడు ఒక్క కొరుకు కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దాన్ని ఇంగువలా వాడాలని తర్వాత తెలిసింది. కాల్చిన రొట్టెకి వెన్న దిట్టంగా రాసి, చాకు కొనతో అంటీ అంటనట్టు పూయాలి.

దాని పుట్టుకా తమాషాయే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండు నుంచి మార్మైట్ సరఫరా దెబ్బతింది. మెల్బోర్న్ వ్యాపారి ఫ్రెడ్ వాకర్ దగ్గర పనిచేసే సిరిల్ కాలిస్టర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, బీరు కాచాక మిగిలిన ఈస్టుతో దీన్ని తయారుచేశాడు. 1923లో అంగళ్ళకి వచ్చింది గాని జనం ముట్టలేదు. 1928లో "పార్‌విల్" అని పేరు మార్చినా లాభం లేక, 1935లో పాత పేరే పెట్టారు.

గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారి చెవిన ఆ "బీరు" మాట పడింది. "పసివాడికి సారామడ్డి పెడుతున్నావుటే?" అని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. ఇందులో మాంసం లేదు, మత్తు లేదు, బి విటమిన్లున్నాయని మావారు ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు తెల్లారేసరికి తానే రొట్టెకి వెన్న రాసి, గోంగూర పచ్చడి పలచగా పూసి, చీజ్ ముక్క పెట్టి డబ్బా సర్దేశారు. డబ్బా ఖాళీగా వచ్చింది! పక్క కుర్రాడు "ఇదేం జామ్?" అని అడిగాడట. వాడి తప్పేం లేదు. క్వీన్స్‌లాండ్‌లో గోంగూర జాతి మొక్కకే రోసెల్లా అని పేరు. మనం ఆకు నూరుకుంటే, వాళ్ళు కాయ చుట్టూ ఉండే ఎర్రటి పుల్లరేకులతో జామ్ చేసుకుంటారు.

కందిపొడి వెన్నలో కలిపి పూసినా బాగుంటుంది. కొబ్బరి పచ్చడి మాత్రం గట్టిగా రుబ్బాలి, లేకపోతే మధ్యాహ్నానికి రొట్టె నానిపోతుంది. ఒక్క జాగ్రత్త: పల్లీలు పడని పిల్లలుంటారని చాలా స్కూళ్ళు వాటిని తేవద్దంటాయి. పచ్చడిలో పల్లీలో నువ్వులో కలిపే అలవాటుంటే ముందు టీచరుని అడగండి.

వెజిమైట్ సీసా ఇంకా ముప్పాతిక ఉంది. మా అత్తగారు దాన్ని ఊరగాయ జాడీల పక్కన పెట్టనివ్వడం లేదు.