జమా ఖర్చులు: కరిచే కుక్క

‘కుక్క కాటుకు చెప్పుదెబ్బ’ అన్నారు పెద్దలు. కానీ ఇంటి కుక్క విషయం సామెతంత తేలికగా తేలదు. వీధికుక్క కరిస్తే కార్పొరేషనును తిడతాం. మన కుక్కే కరిస్తే ఎవరిని తిట్టాలి?

మాది రాజపాళయం కుక్క. ఆ ఊళ్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు రాజుల సంగతి చెన్నైలో ఉండే మనవాళ్లకు చెప్పనక్కరలేదు. ఊరిపేరు మోసే ఈ తెల్లకుక్కతో 2005లో తపాలా శాఖ బిళ్ల కూడా వేసింది. కావలికి పెట్టింది పేరు, కొత్తవారిని ఓ పట్టాన నమ్మదు. మా భీముడికి తొమ్మిదేళ్లు. తమిళంలో ఎవరు పిలిచినా తల తిప్పడు. మా నాన్నగారు ‘రారా భీమా’ అంటే మాత్రం పరుగెత్తుకొస్తాడు. ఈ ఇంట్లో తెలుగు తప్ప మరో భాష ఎరగనివాడు వీడొక్కడేనని ఆయన ఛలోక్తి.

కిందటి వేసవిలో ఇస్త్రీ బట్టలు తెచ్చే అతని చేతిమీద పంటిగాటు పడింది. ఆ వారంలోనే మా పనిమనిషి కూతుర్ని, ఏడేళ్ల పిల్లను, పిక్కమీద కరిచాడు. రక్తం వచ్చింది. మా శ్రీమతి వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగింది. పసుపూ కారమూ అద్దకూడదు. ఆసుపత్రిలో గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, చేతికి టీకా వేశారు. తొలిసూది రోజును సున్నాగా లెక్కించి 3, 7, 14, 28 రోజులకు తక్కినవి. బ్యాంకువాణ్ణి కనుక చెబుతున్నాను, ఈ వాయిదాల్లో ఒక్కటీ ఎగవేయరాదు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కుక్కకు టీకాలు వేయించి ఉన్నా పది రోజులు కనిపెట్టి చూడాలి. మావాడు ఆ పది రోజులూ హాయిగా తిన్నాడు.

తరవాత ఇంట్లో సభ తీరింది. ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు అబ్బాయి. కరుస్తుందని చెబితే ఎవరూ పుచ్చుకోరు. చెప్పకుండా ఇవ్వడం మొండిబాకీని మంచి ఖాతాగా చూపి పక్క శాఖకు అంటగట్టడమే. ఊరిబయట వదిలేయమన్నారొక బంధువు. తిండీ నీరూ లేక మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. ఇక మిగిలింది సూదిమందుతో శాశ్వతంగా నిద్రపుచ్చడం. ఆ మాట వచ్చినప్పుడు నాన్నగారు ఏమీ అనలేదు, భీముడి తలమీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

ముందుగా పశువైద్యునికి చూపించాం. ఆయన వెనకనుంచి గట్టిగా చప్పట్లు కొట్టినా భీముడు కదల్లేదు. వయసుతో వినికిడి పోయిందట. నిద్రలో ఎవరైనా తాకితే ఉలిక్కిపడి కరుస్తున్నాడు. ఇన్నాళ్లూ వాడు వచ్చింది నాన్నగారి తెలుగుకు కాదు, ఆయన చేతి సైగకు!

కారణం తెలిసింది, కనుక జమ. కానీ ఖర్చు ఎవరిది? మనకు వాడిమీద ప్రేమ ఉంది, ప్రమాదాన్ని ఓర్చుకుంటాం. పనిమనిషికి ఆ ఇల్లు జీతం. భయం వేసినా రానని అనలేదు. లాభం మనది, నష్టం ఆమెది అయ్యే ఖాతాను ఏ ఆడిటరూ ఒప్పుకోడు. అందుకని ఆమెనే అడిగాం. ముందు ‘పరవాలేదు’ అంది. ఏం చెప్పినా పని పోదని మా శ్రీమతి రెండోసారి చెప్పాకగానీ అసలు మాట రాలేదు: తాము ఇంట్లో ఉన్నంతసేపూ వాడు తలుపు అవతల ఉండాలి.

పెరటి వరండాకు జాలీ తలుపు పెట్టించాం. బయటికి తీసుకెళితే మూతికి బుట్ట. నిద్రపోతుంటే తాకకుండా, దూరంనుంచి కాలితో నేల తట్టి లేపాలి. పాప వైద్యం, వాళ్లమ్మ ఆసుపత్రికి వెళ్లిన రోజుల జీతం మా ఖాతాలోనే. ఇంత చేసినా మళ్లీ కరిస్తే పశువైద్యుని తీర్పుకు కట్టుబడాలని అందరం ఒప్పుకున్నాం.

నాన్నగారూ ఒప్పుకున్నారు. ‘ఆ రోజే వస్తే నన్నూ వెంట తీసుకెళ్లండి’ అన్నారు.