‘సర్దుకుపోతాయిలే’ అంటే కుదరదు

"మీ ఇంట్లో ఆల్రెడీ ఓ కుక్క, ఓ పిల్లి ఉన్నాయిగా, మళ్ళీ ఈ షెల్టర్ పిల్లి ఎందుకండీ?" అని అడిగేవాళ్ళు కొందరు. "ఇంకోటొస్తే ఏమవుతుంది, రెండ్రోజులు కొట్టుకుని అవే సర్దుకుపోతాయి" అని తేల్చేసేవాళ్ళు ఇంకొందరు. నా మటుకు నాకు ఇద్దరి మాటా సరికాదనిపిస్తుంది. రెండో రకంవాళ్ళ వల్ల పిల్లికి జరిగే నష్టం మరీ ఎక్కువ.

ముందు ఫోస్టరింగ్ అంటే ఏమిటో చెప్పాలి, మనవాళ్ళు చాలామంది దీన్ని పెంచుకోవడంతో కలిపేస్తారు కాబట్టి. ఇక్కడ అమెరికాలో మార్చి, ఏప్రిల్ నెలల నుంచి చలికాలం మొదలయ్యేదాకా పిల్లులు ఎక్కువగా ఈనే కాలం. షెల్టర్లు కిక్కిరిసిపోతాయి. అందుకని కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకోమని వాలంటీర్లకి ఇస్తారు. చాలాచోట్ల తిండి, లిట్టర్, వైద్యం ఖర్చు షెల్టర్‌దే. చోటూ, ఓపికా మనవి. ఎవరైనా దత్తతకి ముందుకు రాగానే పంపించెయ్యాలి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, ఈ పిల్లిని తిప్పేది మాత్రం మనుషులే. మన ఇల్లు ఆ తిరుగుడులో చివరి మజిలీ అయితే చాలు.

వేరే జంతువులున్న ఇల్లు ఇందుకు పనికిరాదా? భేషుగ్గా పనికొస్తుంది. కాకపోతే ఒక్క షరతు: మూసుకునే తలుపున్న గది ఒకటి ఉండాలి.

ఎందుకంటే షెల్టర్ హాస్టల్ లాంటిది. ఒకదానికి జలుబు చేస్తే పక్కవాటికీ అంటుకుంటుంది. తెచ్చిన రోజు పిల్లి నిక్షేపంగా కనబడొచ్చు. కానీ పాన్‌ల్యుకోపీనియా (కుక్కలకొచ్చే పార్వోకి దాయాది) లాంటి జబ్బు బయటపడటానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. టీకా పడని కూనలకి అది ప్రాణాంతకం. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా కూడా బతకగలదు. మామూలు సబ్బుకి చావదు, బ్లీచ్ కావాలి. తామరైతే పిల్లి నుంచి కుక్కకీ, మనకీ కూడా అంటుకుంటుంది. అందుకే రెండు వారాలు వేరే గది, వేరే గిన్నెలు, వేరే లిట్టర్ డబ్బా, బయటికొచ్చాక చేతులు కడుక్కోవడం. మన జంతువులకి టీకాలు సరిగ్గా పడ్డాయో లేదో, వచ్చే పిల్లికి ఎఫ్ఐవీ, లుకేమియా పరీక్షలు చేశారో లేదో ముందే కనుక్కోవాలి. టెస్టింగ్ చెయ్యని కోడ్‌ని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి తోసేవాణ్ణి ఏమంటాం? పిల్లిని తెచ్చి సరాసరి హాల్లో వదిలేసేవాడూ అంతే.

ఇక పరిచయాలు. పిల్లికి ముక్కే ముఖ్యం. ఒకటి పడుకున్న తువ్వాలు రెండోదాని దగ్గర వెయ్యండి. తలుపుకి అటొకటి, ఇటొకటి గిన్నె పెట్టి, రోజురోజుకీ దగ్గరకి జరపండి. ఆ తర్వాత మధ్యలో జాలీ గేటు, కుక్క మెడకి తాడు. బుస్సుమంటే భయపడక్కర్లేదు, అది హద్దు చెప్పడమే. తరమడం, మీద పడటం, కుక్క బిగుసుకుపోయి కన్నార్పకుండా చూడటం మొదలైతే ఒక మెట్టు వెనక్కి రావాలి. ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒక లిట్టర్ డబ్బా ఎక్కువుండాలి. పిల్లి ఎక్కి కూర్చోడానికి ఎత్తైన చోటుండాలి. ఇదంతా కొన్ని రోజుల్లో అవ్వచ్చు, కొన్ని వారాలు పట్టచ్చు.

ఇంత రాద్ధాంతం అవసరమా అంటారా? ఆలోచించండి. మొదటిరోజే ఎదురుబొదురు పెడితే పిల్లి సోఫా కిందకి దూరుతుంది, కుక్క మొరుగుతుంది, మూడోరోజుకి పిల్లి షెల్టర్‌కి వాపసు. దాని కాగితం మీద "ఇతర జంతువులతో పడదు" అని ఎక్కుతుంది. ఇంక కుక్కో పిల్లో ఉన్న ఇళ్ళవాళ్ళు దానివైపు చూడరు. మన తొందరకి దాని మీద పడిన ముద్ర అది. అదే ఓపిక పడితే "కుక్క పక్కన నిశ్చింతగా ఉంటుంది" అని మనం రాసే ఒక్క వాక్యం దానికో ఇల్లు తెచ్చిపెట్టొచ్చు. బోను ముందు నిలబడి చూసేవాళ్ళెవరూ చెప్పలేని సంగతి అది. జంతువులున్న ఇంటికే ఆ వీలుంది.

విడిగా గది లేకపోయినా, కుక్క కనబడ్డ ఉడతనల్లా వేటాడే రకమైనా, ఇంట్లో జబ్బుతో ఉన్న ముసలి జంతువున్నా మొహమాటపడకుండా వద్దని చెప్పండి. తిండి కొనిస్తారో, షెల్టర్ పిల్లుల్ని డాక్టరు దగ్గరికి కార్లో దింపుతారో, అదీ సాయమే.

మన ఇళ్ళల్లో "సర్దుకుపో" అనే మాట ఎప్పుడూ కొత్తగా వచ్చినవాళ్ళకీ, నోరెత్తలేనివాళ్ళకే చెప్తాం. కొత్త కోడలికి చెప్పినంత సులువుగా పిల్లికీ చెప్పేస్తున్నాం. సర్దుకోవాల్సింది ముందు మనం. అదీ రెండు వారాలపాటు ఒక గది.