పాత గొంతులు మళ్లీ గజ్జె కట్టాలా?

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్లో రెండు చర్చలు తప్పవు. ఒకటి ఆ రోజు మెనూ గురించి, రెండోది పాత కళాబృందాన్ని మళ్లీ పిలుద్దామా అని. మొదటిది చికెన్ దగ్గర తెగిపోతుంది. రెండోది ఏ ఏడూ తెగదు. ఈసారి పూర్వ విద్యార్థులే ఒక అడుగు ముందుకేశారు. ఒక్క రాత్రి ప్రోగ్రాం కాదు, 2009 నుంచి 2011 దాకా తెలంగాణ ఉద్యమంలో ఆడిపాడిన మన జట్టంతా మళ్లీ కలిసి నల్లగొండ, పాలమూరు హాస్టళ్లన్నీ తిరిగి రావాలని అంటున్నారు. అన్నల మీద మాకున్న గౌరవం ఎప్పటికీ తగ్గదు. కానీ పీజీ చదువుతున్న మేం కొందరం దీనిపై మా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పదలచుకున్నాం.

కలవాలనే వాళ్ల మొదటి మాట కాలం ఆగదని. అది నిజం. 1972లో మొదలైన జన నాట్యమండలిలో గద్దర్, వంగపండు రెండు గొంతులు. 1990లో గద్దర్ అజ్ఞాతం వీడి వచ్చాక నిజాం కాలేజీ మైదానానికి లక్షల్లో జనం వచ్చారంటే ఆ పాట బలం ఏంటో తెలుస్తుంది. 2020 ఆగస్టులో వంగపండు పోయాడు. 2023 ఆగస్టు 6న గద్దర్ పోయాడు. దానికి నెల ముందే, జూన్‌లో, అమరచింత బిడ్డ సాయిచంద్ నలభై నిండకుండానే పోయాడు. రాష్ట్ర గీతం రాసిన అందెశ్రీ 2025 నవంబర్‌లో పోయాడు. వీళ్లంతా ఒక్క వేదిక మీద కలిస్తే బాగుండు అని మనం అనుకునేలోపే కలవాల్సిన వాళ్లు తగ్గిపోతున్నారు.

బయటి దేశాల్లో ముసలి రాక్ బృందాల విషయంలోనూ ఇదే చర్చ. 1962లో పుట్టిన రోలింగ్ స్టోన్స్ 2024లో కూడా అమెరికా అంతా తిరిగి కచేరీలు చేసింది, అప్పటికి మిక్ జాగర్‌కు ఎనభై దాటింది. లెడ్ జెప్పెలిన్ 2007 డిసెంబర్‌లో లండన్‌లో ఒక్క రాత్రి కలిసి పాడి అంతటితో సరి అనుకుంది. అబ్బా బృందమైతే 2022 నుంచి మనుషుల బదులు కంప్యూటర్‌తో చేసిన పడుచు బొమ్మల్ని వేదిక ఎక్కించింది. ఆ గొడవ వాళ్లది. అక్కడ టికెట్ కొన్నవాడు తన పడుచుదనాన్ని ఇంకోసారి చూసుకోవడానికి పోతాడు. మన పాటకు ఎవరూ టికెట్ కొనలేదు. అవసరం వస్తే పుట్టింది, అవసరం ఉన్నోళ్ల దగ్గరికి నడిచిపోయింది. కాబట్టి మళ్లీ కలవాలా అనే ముందు, ఏ అవసరం కోసం అని అడగాల్సి ఉంటుంది.

మన జిల్లా చరిత్రే దీనికి జవాబు చెబుతున్నది. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్ల సుద్దుల్ని, బుర్రకథని దొరల మీదికి తిప్పాడు. బండి యాదగిరి బండ్లు కట్టుకొని వచ్చే దొర మీద పాట కట్టాడు. 1951లో పోరాటం ఆగిపోయింది, దళాలు చెదిరిపోయినయి. ఆ పాటలు మళ్లీ రాష్ట్రమంతా మోగింది ఎప్పుడు? 1979లో గౌతం ఘోష్ 'మా భూమి' సినిమా తీసినప్పుడు. యాదగిరి పాటను తెర మీద పాడింది గద్దర్. హనుమంతు పాట కూడా కొత్త గొంతుతోనే ఆ సినిమాలో వినబడింది. అంటే ముప్పై ఏండ్ల తర్వాత తిరిగి వచ్చింది పాత దళం కాదు, పాత పాట. కొత్త గొంతు దొరికింది కాబట్టే అది బతికింది.

ఇక రెండో సంగతి. పాత బృందాలు మళ్లీ కలిసే సీజన్ మనకు తెలిసిందే. ఎలక్షన్లు రాగానే అదే గొంగడి, అదే గజ్జెలు, వెనక మాత్రం లీడర్ ఫ్లెక్సీ, మెడలో ఆ పార్టీ కండువా. రాష్ట్రం వచ్చినంక తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. దాన్ని మేం తప్పు పట్టం. కడుపు మాడ్చుకొని పాడమని చెప్పే హక్కు వినేవాళ్లకు లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. 2024లో ఆయన కూలి పనికి పోతున్నాడని పేపర్లలో చదివి మేమంతా తల దించుకున్నాం. జీతం ఉండాలి, తప్పకుండా ఉండాలి. కానీ పథకాల పాటలు తప్ప ఇంకోటి పాడలేని స్థితి వస్తే గజ్జె కట్టి లాభమేంది?

మన జట్టు సంగతికే వద్దాం. నిజం చెప్పాలంటే అన్నలకు ఇప్పుడు పొట్టలు వచ్చినయి. ముందు నిలబడి పాడేవాడు గంటసేపు ఎగిరి పాడాలంటే వెనక వంత గట్టిగా ఉండాలి. వంత పాటకాడు చరణం చివర అందుకుంటేనే ముందువాడికి ఊపిరి దొరుకుతుంది. వయసు పెరిగిన కొద్దీ ఆ వంతకు పడుచు గొంతులు కావాలి. అవి ఇప్పుడు హాస్టల్లో ఉన్న పిల్లల దగ్గరే ఉన్నాయి. కానీ ఈ పిల్లల్లో సిర్ర ఏ చేత పట్టాలో, చిటికెన పుల్ల ఏ చేత పట్టాలో తెలిసినోళ్లు ఎంతమంది? ఫైబర్ డప్పు వచ్చినంక తోలు డప్పును మంట దగ్గర ఎంతసేపు కాపాలో కూడా మర్చిపోయారు. గణేష్ నిమజ్జనమైనా, పెండ్లి బరాత్ అయినా డీజే బాక్సే. పాటలు సీనియర్ల నోట్‌బుక్కుల్లో ఉన్నాయి, బాణీలు మాత్రం వాళ్ల తలల్లోనే ఉన్నాయి. అవి కాగితం మీద దొరకవు.

ఇంకొకటి. మన పాత జట్టులో ఒక్క అమ్మాయి లేదు. బాలికల హాస్టల్ గేటు సాయంత్రమే పడేది, జట్టు రాత్రి బయలుదేరేది. బెల్లి లలిత పాడిన జిల్లా ఇది. 1999లో ఆమెను చంపినా ఆమె పాట ఆగలేదు. ఆలేరు నుంచి విమలక్క వచ్చింది. అలాంటి చోట జట్టును ఉన్నది ఉన్నట్టు మళ్లీ నిలబెట్టడమంటే ఆ గేటును ఇంకోసారి మూయడమే. మేం ఒప్పుకోం.

పాటలు కూడా అవే పాడితే సరిపోదు. ఫ్లోరైడ్ నీళ్ల మీద మన సీనియర్లు కట్టిన పాట వింటే ఇప్పటికీ కండ్లు తడుస్తాయి. కానీ నల్లా నీళ్లు తాగి పెరుగుతున్న ఎనిమిదో తరగతి పిల్లకు అది చరిత్ర పాఠం. 2024లో డైట్ చార్జీలు పెంచారు, 8 నుంచి 10వ తరగతి వాళ్లకు నెలకు 1,100 రూపాయలు ఉన్నది 1,540 అయింది. అంతకుముందు ఆ 1,100తో రోజులు ఎట్ల గడిచినయో తిన్నవాళ్లకు తెలుసు. ఆ నీళ్ల చారు మీద ఒక్క పాట పుట్టలేదు. ఉద్యమం మీద వందల పాటలు కట్టిన హాస్టల్లో అన్నం పళ్లెం మీద పాట లేకపోవడం మాకు వింతగా ఉంది.

కాబట్టి అన్నలారా, రండి. కానీ టూర్‌కు కాదు. రెండు జిల్లాలు తిరగడానికి అనుకున్న బండి కిరాయి, మైకు కిరాయి పెడితే హాస్టల్‌కు నాలుగు తోలు డప్పులు వస్తాయి. ఒక్కో హాస్టల్లో ఒక రాత్రి పాడి పోయే బదులు మూడు రోజులు ఉండండి. పగలు పిల్లలకు దరువు నేర్పండి, బాణీలు ఫోన్లలో రికార్డు చేయించండి. సెలవు పెట్టి వచ్చే వాళ్లకు, ముఖ్యంగా కూలికి పోయే వాళ్లకు, ఆ మూడు రోజుల కూలి ముందే లెక్కగట్టి చేతికివ్వాలి. చివరి రోజు వేదిక మీద ముందు నిలబడేది పిల్లలు, వెనక వంత పాడేది మీరు. ఏ కండువా వద్దు. బాలికల హాస్టల్ వాళ్లు ఉండేటట్టు ప్రోగ్రాం పొద్దున పెడదాం.

నేర్చుకునే వాళ్ల పేర్లు రాసుకోవడానికి స్టడీ హాల్లో ఒక నోట్‌బుక్ పెట్టాం. బాలికల హాస్టల్ పేర్లు ముందే వచ్చినయి. నేర్పే వాళ్ల పేజీ ఇంకా ఖాళీగా ఉంది.