ముఖానికి సూది వేయించుకునే ముందు

నలభై దాటాక అద్దంలో చూసుకుంటే బుగ్గలు లోపలికి పోయినట్టు, కళ్ళ కింద గుంట పడినట్టు అనిపిస్తుంది. ఫొటోల్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘‘ఏమ్మా, ముఖం అలా పీక్కుపోయిందేం? ఒంట్లో బాగుండట్లేదా?’’ అని పెళ్ళిలో ఎవరో ఒకరు అడిగారంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ బాధ చిన్నది కాదు. చక్కగా కనిపించాలనుకోవడం తప్పూ కాదు. ముఖం నిండుగా కనిపించడానికి చర్మం కింద ఎక్కించే ఫిల్లర్లు వేయించుకోవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఎక్కడ, ఎవరి చేత, ఏ మందుతో అన్నది తేలకుండా ముఖం అప్పగించవద్దని బతిమాలుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. వయసుతో పాటు చర్మం కింది కొవ్వు తగ్గుతుంది, దవడ ఎముకా కొంత అరుగుతుంది. అది సహజం. కానీ మూడు నెలల్లోనే ముఖం చిక్కిపోతే మీరు వెళ్ళాల్సింది రక్తపరీక్షకు. షుగరు అదుపు తప్పినా, థైరాయిడ్ ఎక్కువైనా, టీబీ ఉన్నా మనిషి అలాగే చిక్కుతాడు. వెనక పళ్ళు ఊడిపోయి కట్టించుకోని వాళ్ళకు బుగ్గలు పడిపోతాయి. వాళ్ళకు కావలసింది పళ్ళ డాక్టరు. 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మౌంజారో, వెగోవీ వంటి ఇంజెక్షన్లతో గబగబా బరువు తగ్గిన వాళ్ళ ముఖాలూ పీక్కుపోతున్నాయి. బరువు ఒకచోట నిలిచేదాకా వాళ్ళు ఓపిక పట్టడం మంచిది.

ఇక ఫిల్లర్ సూది సంగతి. ఒక సిరంజిలో ఉండే జెల్ సాధారణంగా ఒక మిల్లీలీటరు. టీ చెంచాలో ఐదో వంతు. ‘‘ఇంతేగా అక్కా, అరగంటలో అయిపోతుంది, సాయంత్రం ఫంక్షన్‌కి వెళ్ళిపోవచ్చు’’ అంటారు. అరగంటలో అయిపోయే మాట నిజమే. కానీ ఆ జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళితే అక్కడ రక్తం ఆగిపోతుంది. చర్మం చచ్చిపోవచ్చు. కనుబొమల మధ్య, నుదుటి మీద, ముక్కు మీద, ముక్కు పక్క నుంచి పెదవి దాకా దిగే గీత దగ్గర ఉండే నాళాలకూ కంటికి రక్తం తీసుకెళ్ళే నాళానికీ లోపల లంకె ఉంది. ఒత్తిడితో ఎక్కించిన జెల్ వెనక్కి నడిచి కంటి నాళాన్ని మూసేయగలదు. అప్పటిదాకా ప్రపంచంలో నమోదైన కేసులను 2015లో వైద్యులు వెతికి చూస్తే, ఫిల్లర్లు, కొవ్వు ఇంజెక్షన్ల వల్ల చూపు దెబ్బతిన్నవి 98 దొరికాయి. వాళ్ళలో చాలామందికి చూపు తిరిగి రాలేదు. అదే ఏడాది అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఈ ప్రమాదం గురించి డాక్టర్లనూ జనాన్నీ హెచ్చరించింది. ఇది అరుదే. కానీ పోయిన కంటికి అరుదన్న మాట ఊరట కాదు.

అందుకే ఈ గుర్తులు మనసులో పెట్టుకోండి. సూది దించుతుండగానే చర్మం పాలిపోయి తెల్లగా మారడం. ఆ తర్వాత వల పరిచినట్టు నీలి గీతలు తేలడం. తగ్గాల్సిన నొప్పి పెరగడం. చాలా ఫిల్లర్లలో మత్తుమందు కలిపే ఉంటుంది కాబట్టి నొప్పి వెంటనే తెలియకపోవచ్చు, ఇంటికెళ్ళాక మొదలవుతుంది. వేలితో ఆ చోట నొక్కి వదలండి. తెల్లబడిన చర్మానికి రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. రాకపోతే అది ప్రమాదమే. రెండు మూడు రోజులకు మొటిమల్లాంటి చీము పొక్కులు లేస్తే వాటిని మొటిమలనుకోకండి. చూపు మసకబారినా, రెండుగా కనిపించినా, మాట తడబడినా, మూతి వంకర పోయినా ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. చూపు నిలవడానికి ఉండే వ్యవధి నిమిషాల్లోనే.

హైలురోనిక్ యాసిడ్ రకం ఫిల్లర్‌కు విరుగుడు ఉంది. హైలురోనిడేజ్ అనే ఇంజెక్షన్ ఆ జెల్‌ను కరిగిస్తుంది. అది క్లినిక్‌లోనే, ఆ పూటే ఉండాలి. ‘‘అవసరమైతే తెప్పిస్తాం’’ అనే చోట వేయించుకోకండి. విరుగుడు పేరే వినని మనిషి చేతికి సిరంజి ఎలా ఇస్తాం? ఇంకో సంగతి, ఈ విరుగుడు ఆ ఒక్క రకానికే పనికొస్తుంది. కాల్షియం ఫిల్లర్‌ను కరిగించదు, శాశ్వతమని చెప్పే వాటిని అసలే కరిగించదు. ద్రవ సిలికాన్ ఎక్కిస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అది ఏళ్ళ తర్వాత కూడా గడ్డలు కట్టగలదు, పూర్తిగా తీయడం సాధ్యం కాదు. సూది లేకుండా ఒత్తిడితో ఫిల్లర్ ఎక్కించే పెన్నులు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. వాటిని వాడవద్దని ఎఫ్‌డీఏ 2021లో చెప్పింది.

పార్లర్లో కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించినంత మాత్రాన డాక్టరు అయిపోరు. వేసేది చర్మవ్యాధుల్లో ఎండీ గానీ డిప్లొమా గానీ చేసిన డాక్టరో, ప్లాస్టిక్ సర్జనో అయి ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మీ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ దగ్గర సరిచూసుకోండి. అడగడానికి మొహమాట పడకండి తల్లీ, ముఖం మీది. పెట్టె మీ ఎదుటే విప్పమనండి. లోపల బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి, ఒకటి మీ ఫైల్లో అంటించమనండి. రేపు తేడా వస్తే చూసే డాక్టరుకు మొదట కావలసింది అదే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ ఆలోచన వాయిదా వేయండి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు, ఆటోఇమ్యూన్ జబ్బులున్న వాళ్ళు దాచకుండా చెప్పండి. ముఖం మీద మొటిమ చీము పట్టి ఉన్నా, పంటికి ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ రోజు వద్దు. పెళ్ళికి పది రోజులుందనగా మొదటిసారి అసలే వద్దు. వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికే ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది.

వేయించుకుని ఇంటికొచ్చాక నొప్పి పెరుగుతుంటే, రంగు మారుతుంటే ఫోన్ చేసి అడుగుతారు. అటు నుంచి ‘‘మాత్ర వేసుకుని పడుకోండి, పొద్దున చూద్దాం’’ అంటారేమో. ఆ మాట వినకండి. ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని, స్టిక్కరు అంటించిన ఫైలు చేత పట్టుకుని ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరండి. చూపులో తేడా ఉంటే నేరుగా కంటి ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళి, ఫిల్లర్ వేయించుకున్నానని వెళ్ళగానే చెప్పండి. అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకండి.