లక్షల రివాల్వర్‌కు లక్షల పని ఉందా?

2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. సొంత విమానాలు, విహార నౌకలతో పాటు వీటినీ ఒకే గాటన కట్టేశారు. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైన నాకు ఆ జాబితా చూసి నవ్వొచ్చింది. నేను సర్వీసంతా నూనె గుడ్డతో తుడిచిన వస్తువు ఏమిటో మా డిపార్ట్‌మెంటు కంటే పన్నుల శాఖే సరిగ్గా పోల్చుకుంది. ఈ దేశంలో మామూలు మనిషి లక్షలు పోసి కొనే చేతి తుపాకి రక్షణ సామగ్రి కాదు, షోకు.

ఈ మాట మా నెల్లూరు జిల్లా విడవలూరులో అంటే కొందరికి కోపం. రొయ్య ధర బాగున్న ఏడాది మా వైపు కొత్త కోరికలు బయల్దేరతాయి. పెద్ద కారు ఒకటి, రివాల్వర్ ఒకటి. కారు గురించి నన్నెవరూ అడగరు గానీ రివాల్వర్ అనేసరికి నేరుగా మా ఇంటికే వస్తారు. మొన్న సముద్రం వైపు రొయ్యల గుంటలున్న ఒకాయన వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, పాత వెబ్లీ స్కాట్ ఒకటి అమ్మకానికి ఉందంట. అసలైన ఇంగ్లండు సరుకు. కారు ఖరీదు చెప్తుండారు. తీసుకోమంటావా?"

"లైసెన్సు వచ్చిందా అబ్బయ్యా?"

"పెట్టుండా. వస్తాదిలే."

లైసెన్సు రాకముందే బేరం అన్నమాట. సరే, ఆ బేరంలోని డబ్బు దేనికి పోతుందో చూద్దాం. 1980ల మధ్యలో ప్రభుత్వం మామూలు పౌరులు విదేశాల నుంచి తుపాకులు దిగుమతి చేసుకోకుండా ఆపేసింది. అంతకుముందు వచ్చిన వెబ్లీలు, స్మిత్ అండ్ వెసన్లు, కోల్టులే అప్పటి నుంచి చేతులు మారుతున్నాయి. తాత పోతే మనవడు అమ్ముతాడు, మనవడికి అవసరం పడితే ఇంకొకరు కొంటారు. కొత్త సరుకు రాదు, ఉన్నది అరిగిపోతూ ఉంటుంది, అడిగేవాళ్లు మాత్రం తగ్గరు. బయటి దేశాల్లో పాత సామాను కింద పోయే ముక్కకు ఇక్కడ లక్షలు పలికేది అందుకే. అందులో పనితనం వాటా చాలా తక్కువ, కరవు వాటా చాలా ఎక్కువ.

పైగా ఆ 'అసలైన' ముక్కలు కొన్ని నా బల్ల మీదికీ వచ్చాయి. పైన నీలం మెరుపు చూసి మోసపోకూడదు. బ్యారెల్‌లోకి వెలుగు వేసి చూస్తే లోపల మశూచి మచ్చల్లా గుంటలు. మా కోస్తాలో ఉప్పుగాలికి ఇనుము నిలవదు. రామతీర్థం, పొన్నపూడి దగ్గర కిటికీ ఊచల గతి ఏమవుతుందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తోలు ఒరలో పెట్టి బీరువాలో దాస్తే ఇంకా చేటు, తోలు చెమ్మను పట్టి ఇనుముకు అంటిస్తుంది. స్ప్రింగ్ దశాబ్దాల కిందటిది, నీరసించి ఉంటుంది. దాని బదులు పెట్టడానికి కంపెనీ స్ప్రింగ్ దొరకదు. ఎవరో లేత్ మీద తిప్పించిన స్క్రూ, ఎవరో ఆకురాయితో రుద్దిన సియర్ కనబడతాయి. సియర్ అంటే ట్రిగ్గర్ నొక్కేదాకా సుత్తిని పట్టి ఉంచే పన్ను. అది అరిగితే తుపాకి ఎప్పుడు పేలుతుందో యజమానికే తెలియదు. దీనికి కారు ఖరీదు!

ఇక అందులో పడే తూటా సంగతి. సైనిక దళాలు వాడే .380, .455, 9 ఎంఎం, .45 తూటాలు పట్టే పిస్టళ్లు, రివాల్వర్లు మన చట్టంలో నిషిద్ధ ఆయుధాలు. వాటికి జిల్లా కలెక్టర్ లైసెన్సు ఇవ్వలేరు. మామూలు లైసెన్సుదారుకు మిగిలేది ఎక్కువగా .32. ఇది 1896 నాటి తూటా, మెత్తని పేలుడు, నెమ్మది నడక. కారు ఖరీదు పెట్టిన వెబ్లీ అయినా, కాన్పూరు ప్రభుత్వ ఫ్యాక్టరీ రివాల్వర్ అయినా కొట్టేది ఆ .32నే. ఆ కాన్పూరు రివాల్వర్ మూలం కూడా పాత వెబ్లీ మార్క్ 4 నమూనానే, నడుం దగ్గర విరిచి తూటాలు నింపే పద్ధతి. 2020లో ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ పేరుతోనే .32 తయారీ మొదలైంది. 2023 ఆగస్టులో కాన్పూరు నుంచి 'ప్రబల్' వచ్చింది, సిలిండర్ పక్కకు తెరుచుకునే రకం. అంటే కొత్తది, గ్యారంటీ ఉన్నది, విడిభాగాలు దొరికేది ఉండగా, పేరు కోసం దానికి ఎన్నో రెట్లు పెడుతున్నారు.

ఆ కొత్తది మాత్రం చవకా? 2014 జనవరిలో 'నిర్భీక్' అని ఆడవాళ్ల కోసం అర కిలో బరువుతో, టైటానియం మిశ్రమ లోహంతో ఒక రివాల్వర్ తెచ్చారు. 2012 ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత అందరూ 'నిర్భయ' అని పిలిచిన అమ్మాయి గుర్తొచ్చేలా పెట్టిన పేరు. అప్పట్లో ధర 1,22,360 రూపాయలు, నగల పెట్టెలాంటి డబ్బా. రాత్రి బస్సు కోసం నిలబడే అమ్మాయి దాన్ని కొనగలదా? కొన్నా లైసెన్సు ఎప్పుడు వచ్చేను? అర కిలో తుపాకిని చేతిసంచీలోంచి తీసి, డబుల్ యాక్షన్ ట్రిగ్గర్‌ను ఒంటి వేలితో చివరిదాకా లాగి, వణికే చేత్తో గురి తప్పకుండా కొట్టాలంటే నెలల సాధన కావాలి. నగల పెట్టెను బట్టే తెలుస్తోంది, తయారుచేసినవాళ్లకు కొనేది ఎవరో బాగా తెలుసని.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. చేతి పనితనానికి ధర పెట్టడం తప్పని నేను అనను. మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ తన స్నేహితుడి చేతిపని పిస్టల్ ఒకటి వీడియో కాల్‌లో చూపించాడు. అమెరికాలో అర్కన్సా రాష్ట్రం బెర్రీవిల్ అనే చిన్న ఊళ్లో విల్సన్ కంబాట్, నైట్‌హాక్ కస్టమ్ అని రెండు పేరున్న కంపెనీలున్నాయి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1911 పిస్టల్‌ను అక్కడ చేత్తో అమరుస్తారు. నైట్‌హాక్‌లో ఒక తుపాకిని మొదలు నుంచి చివరిదాకా ఒకే పనివాడు చేస్తాడు. ధర మూడు, నాలుగు వేల డాలర్ల నుంచి పైకి. పోలీసులు వాడే గ్లాక్ అయితే ఐదారు వందల డాలర్లకే వస్తుంది.

మావాడు స్లయిడ్‌ను వెనక్కి లాగి వదులుతుంటే ఫోన్‌లోనే ఆ చప్పుడు విన్నాను. ఎక్కడా గరగర లేదు. స్లయిడ్‌కు, ఫ్రేముకు మధ్య పట్టాలను వెంట్రుకవాసి తేడా లేకుండా రుద్ది కూర్చితే తప్ప అలా కదలదు. బ్యారెల్ ప్రతి తూటాకూ మళ్లీ అదే చోటికి వచ్చి కూర్చోవాలి. దాని పైనున్న పళ్లు స్లయిడ్‌లోని గాడుల్లో సమంగా పట్టాలి. ఒక్క పన్ను మీదే బరువు పడితే అది నలిగి కొన్ని వేల రౌండ్లకు గురి చెదురుతుంది. ట్రిగ్గర్‌ను గాజుకడ్డీ విరిగినట్టు ఒక్క క్షణంలో తెగేలా చేయడానికి పనివాడు సన్నటి రాయితో గంటల తరబడి కూర్చుంటాడు. ఆ కష్టం తెలిసినవాణ్ణి, దాని ముందు చేతులు జోడిస్తాను. కానీ పెన్సిల్వేనియాలో కాబట్ అనే కంపెనీ నమీబియాలో పడిన ఉల్కముక్కతో పిస్టళ్ల జత చేసి 45 లక్షల డాలర్లు చెప్పిందని విన్నప్పుడు మాత్రం నా చేతులు విడిపోయాయి. ఉల్క నుంచి చేస్తే తూటా తిన్నగా పోతుందా?

ఆర్మరర్‌గా నా అసలు అభ్యంతరం వేరే ఉంది. చేత్తో రుద్ది కూర్చిన తుపాకిలో భాగం విరిగితే డబ్బాలోంచి ఇంకోటి తీసి పెట్టలేం, మళ్లీ పనివాడే కావాలి. బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే మా ఆయుధాగారంలో మాకు నేర్పిన మొదటి పాఠం దీనికి ఎదురు. ఒక ఆయుధం భాగం ఇంకో ఆయుధంలో ఇమడాలి, బందోబస్తుకు పోయే జవాను అర్ధరాత్రి వచ్చినా పది నిమిషాల్లో మరమ్మతు చేసి పంపాలి. 1911 పిస్టల్‌కు అమెరికా సైన్యంలో చోటు దొరికింది కూడా మెరుపు చూసి కాదు. సైన్యం పెట్టిన పరీక్షలో 6,000 రౌండ్లు ఎక్కడా మొరాయించకుండా పేలింది గనక. అప్పటి ఆ తుపాకి కాస్త వదులుగా, గలగలలాడుతూ ఉండేది. ఆ వదులే దుమ్మును, మట్టిని ఓర్చుకుంది. బిగించిన కొద్దీ గురి పెరుగుతుంది, ఓర్పు తగ్గుతుంది. మన గుంటల గట్ల మీద బురద, ఇసుక, ఉప్పు మూడూ ఉన్నాయి.

పనితనం నిజంగా లెక్కకొచ్చే చోటు ఒకటుంది, అది పోటీ. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పది పాయింట్ల వలయం అడ్డం 11.5 మిల్లీమీటర్లు. ఒంటి చేత్తో నిలబడి 75 నిమిషాల్లో 60 సార్లు దాన్ని వెతకాలి. అక్కడ పిడి చేతికి అతికినట్టు ఉండకపోతే పని జరగదు. అందుకే ఆటగాళ్లు చెక్క పిడిని తమ అరచేతి గీతలకు తగ్గట్టు చెక్కించుకుంటారు, చాలనిచోట లప్పం పూసి ఆరబెట్టి మళ్లీ రుద్దుతారు. ఇదే నా దృష్టిలో అసలైన 'కస్టమ్'. హైదరాబాద్ అమ్మాయి ఈశా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది అలాంటి పిస్టళ్లతోనే.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచాక ఆమె పిస్టల్ ఖరీదు కోటి అని ఊరంతా పాకింది. కోటి కాదు, లక్షన్నర నుంచి లక్షా ఎనభై అయిదు వేల మధ్య అని ఆమే చెప్పాల్సి వచ్చింది. అదే ఒలింపిక్స్‌లో తుర్కియే షూటర్ యూసుఫ్ డికెచ్ ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రజతం కొట్టిన ఫోటోను మనవాళ్లు 'సామాను ఏమీ అక్కర్లేదు' అని పంచుకున్నారు. ఫోటోలో కళ్లజోడు చూశారు గానీ చేతిలోది చూడలేదు. అది అచ్చమైన పోటీ పిస్టలే. అలాగని పోటీ పిస్టల్ మొరాయించదా అంటే, టోక్యోలో మనుకే జరిగింది. అర్హత రౌండ్ మధ్యలో పిస్టల్ చెడి విలువైన నిమిషాలు పోయి, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ తప్పింది.

మళ్లీ మా రొయ్యల అబ్బయ్య దగ్గరికి. "గుంట మీద దొంగలు పడితే?" అన్నాడు. దొంగలు పడేది పట్టుబడికి ముందు రాత్రి. ఆ వేళకు ఆయన నెల్లూరులో నిద్రపోతుంటాడు, రివాల్వర్ బీరువాలో ఉంటుంది. కావలి మనిషి చేతికి ఇవ్వడానికి లేదు, లైసెన్సు ఆయన పేరు మీద కదా. ఒకవేళ తానే ఉండి పేల్చాడనుకుందాం. ఉట్టి దొంగతనాన్ని ఆపడానికి ప్రాణం తీసే హక్కు చట్టం ఇవ్వదు. నిన్నటి శిక్షాస్మృతిలోనూ లేదు, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ లేదు. తన ప్రాణానికో, ఒంటికో పెద్ద ముప్పు వచ్చిందని కోర్టులో చూపించుకోవాలి. రొయ్యలు పోతే ఒక పంట పోతుంది. మనిషి పోతే కోర్టు చుట్టూ తిరగడానికి ఎన్ని పంటలు పోతాయో ఆయనే లెక్క వేసుకోవాలి. అదే డబ్బుకు నాలుగు దిక్కులా ఫ్లడ్ లైట్లు, కెమెరాలు, ఇంకో కావలి మనిషి వస్తారు.

ఊళ్లో కక్షలున్నాయని కొనేవాళ్లకు ఇంకో సంగతి. కక్షలు ముదిరేది ఎన్నికలప్పుడు. ఆ సమయానికి లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి, మినహాయింపు దొరికేది కొద్దిమందికే. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న మన రాష్ట్రంలో పోలింగ్, జూన్ 4న లెక్కింపు. ఆ వేసవంతా తుపాకి రసీదు యజమాని దగ్గర, తుపాకి స్టేషన్‌లో. వెబ్లీకైనా కాన్పూరుకైనా అదే రసీదు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చి గొప్ప చూపించుకుందామన్నా 2019 సవరణ వచ్చాక అది రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

కాబట్టి నా తీర్పు ఇది. నిజంగా ప్రాణభయం ఉండి, లైసెన్సు చేతికొచ్చి, శిక్షణ పూర్తి చేసిన మనిషికి కొత్త మామూలు రివాల్వర్ చాలు. దాని పైన పెట్టే ప్రతి రూపాయీ పేరుకు, కరవుకు పోతుంది. ఆట ఆడేవాళ్లు చేతికి కుదిరిన పిస్టల్‌కు ఎంత పెట్టినా దండగ కాదు. తక్కువ శక్తి .177 ఎయిర్ పిస్టల్‌కు మామూలుగా లైసెన్సు కూడా అక్కర్లేదు. ఆ పాత వెబ్లీకి పెట్టే డబ్బుతో మా హైస్కూల్లో ఒక గది ఖాళీ చేయించి, పది మీటర్ల రేంజ్ వేయించి, నాలుగు పిస్టళ్లు కొనిపెట్టినా ఇంకా మిగులుతుంది. ఈ మాట ఆయనతో అంటే "నీకేందన్నా, చెప్తావు" అని లేచిపోయాడు.

ఇళ్లల్లో తాతలనాటి రివాల్వర్ ఉన్నవాళ్లకు మాత్రం ఒక విన్నపం. ఈ వారంలో ఒకసారి బయటకు తీయండి. ముందు సిలిండర్ తెరిచి గదులన్నీ ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి. తోలు ఒర తీసేసి నూనె గుడ్డలో చుట్టండి, తూటాలు వేరే బీరువాలో తాళం వేసి పెట్టండి. లైసెన్సు గడువు తేదీ చూసుకోండి. వాడే పని లేకపోతే లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరో, స్టేషన్‌లోనో అప్పగించి రసీదు తీసుకోండి.