వేడినీటి బుగ్గలూ చేపల పెంపకమూ

సంపాదకులవారికి,



భూమిలో సహజంగా కాగి పైకి వచ్చే నీటితో చేపలు పెంచవచ్చునని, ఇతర దేశాలలో అలా పెంచి లాభాలు తీశారని ఈ మధ్య బళ్ళారిలోని మన తెలుగువారి మధ్య తరచు ప్రస్తావన వస్తున్నది. మన జిల్లాలో కూడ ఆ ప్రయత్నం ఎందుకు చేయరాదు, వేడినీటి బుగ్గ లేకపోతే కుడితిని విద్యుత్కేంద్రపు వేడినీరైనా పనికిరాదా, అని కొందరు మిత్రుల ప్రశ్న. ఈ విషయమై నాకు తోచిన నాలుగు మాటలు మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు ఉంచదలచాను.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. ఇది చలిదేశాలవారి అవసరంలోనుంచి పుట్టిన ఉపాయం. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, హేగర్‌మన్ లోయలో, 1970 తర్వాతి సంవత్సరాలలో భూగర్భపు వెచ్చని నీటితో క్యాట్‌ఫిష్ అనే జాతి చేపల పెంపకం ప్రారంభించారు. మంచు పడే ఆ సీమలో మామూలు చెరువులో ఆ చేప శీతకాలమంతా మేత ముట్టదు. వెచ్చని నీరుంటే ఏడాది పొడుగునా పెరుగుతుంది. న్యూజీలాండులోని వైరాకైలో 1958లో భూతాపంతో విద్యుచ్ఛక్తి తీయడం ఆరంభమైనది. ఆ కేంద్రం వాడి వదిలిన వేడితో 1987లో అక్కడ రొయ్యల పెంపకం మొదలుపెట్టారు. ఆ రొయ్య మరేదో కాదు, మన నెల్లూరువారు బాగా ఎరిగిన నీలకంఠ రొయ్యే. ఉష్ణదేశపు జీవాన్ని చలిదేశంలో బ్రతికించడానికి వారికి వేడి కావలసివచ్చింది.

మన సంగతి వేరు. బొచ్చె, శీలావతి వంటి మన చేపలకు 25 నుండి 32 డిగ్రీల వేడి నీరు అనుకూలం. బళ్ళారిలో ఆ వేడి సూర్యభగవానుడే ఏడాదిలో ఎక్కువ నెలలు ఉచితంగా ఇస్తున్నాడు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు చెరువు చల్లబడితే చాలునన్నది చేప కోరిక. కుడితిని కేంద్రంలోనైతే నీటిని చల్లార్చి మళ్ళీ వాడుకొంటారు గాని కాలువకట్టి వదిలిపెట్టరు. ఇక్కడ మనకు కొరత వేడికి కాదు, నీటికి. కట్టిననాడు సుమారు 133 టి.ఎం.సి.లు పట్టిన తుంగభద్ర జలాశయం పూడికవల్ల 105 టి.ఎం.సి.ల చిల్లరకు దిగినది. కాబట్టి బళ్ళారిలో వేడినీటి చేపల మాట ప్రస్తుతానికి కట్టిపెట్టి, ఉన్న చెరువుల పూడిక తీయించమని అడగడమే వివేకం.

అయితే తెలుగుదేశంలో ఈ ఆలోచనకు తగిన చోటు లేకపోలేదు. భద్రాచలం దగ్గర గుండాలలో, గోదావరి ఒడ్డున ఇసుక తీస్తే వేడినీరు ఊరుతుందని యాత్రికులెరుగుదురు. మణుగూరు మండలం పగిడేరులో పరిశోధనకై వేసిన బోరునుండి వేడినీరు తనంత తానే పైకి వచ్చింది. ఊరివారు దానిని చల్లార్చి పొలాలకు కూడ వాడుకొంటూ వచ్చారు. ఇటీవలి సంవత్సరాలలో సింగరేణి సంస్థవారు కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ సహాయంతో అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగ విద్యుత్కేంద్రాన్ని చేపట్టారు. ఆ పని మెచ్చదగినదే. కాని విద్యుత్తు తీసిన తరువాత కూడ ఆ నీటిలో వేడి మిగిలే ఉంటుంది. ఆ మిగిలిన వేడి ఎవరికి ఉపయోగపడాలన్నదే నా ప్రశ్న.

మహానంది వెళ్ళినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అక్కడ బుగ్గనీరు ముందు స్వామి సన్నిధిలో ఊరుతుంది, తరువాత కోనేటిలో భక్తుల స్నానానికి వస్తుంది, ఆ తరువాత పొలాలకు పారుతుంది. ఒకే నీరు మూడు పనులు చేస్తున్నది. పగిడేరులోనూ ఇదే వరుస ఉండాలి: ముందు విద్యుత్తు, తరువాత చేపపిల్లలు, ఆ తరువాత వరిపొలం.

చేపపిల్లలని అనడానికి కారణమున్నది. తెలంగాణలో 2016 నుండి చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం పెట్టారు. ఆ పిల్లలలో చాలా భాగం కోస్తా జిల్లాలనుండి లారీలలో రావలసివచ్చేది. మార్గశిర, పుష్య మాసాల చలిలో పిల్లల ఎదుగుదల మందగిస్తుంది. ఆ రెండు మూడు నెలలు వెచ్చని తొట్లలో పెంచితే, తొలకరికి చెరువులో వదలడానికి బలమైన, పెద్ద పిల్లలు అక్కడే దొరుకుతాయి. మన దేశంలో వేడినీటికి తగిన పని ఇది.

జాగ్రత్తలు లేకపోలేదు. లోతునుండి వచ్చే నీటిలో ప్రాణవాయువు తక్కువ. గంధకపు వాయువు వంటివి కలిసి ఉండవచ్చును. పైగా నీరు వేడెక్కిన కొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. కనుక నీటిని మెట్లమీదుగా దూకించి గాలి పట్టించి, చల్లార్చి, పరీక్ష చేయించిన పిమ్మటనే వాడాలి. నీటిలో విషలవణాలుంటే వైరాకైలో చేసినట్లు వేడిని మాత్రం గొట్టాలద్వారా మంచినీటికి అందించాలి. త్వరగా పెరుగుతుందని నిషేధింపబడిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను తెచ్చి వేయడం ఎంతమాత్రం తగదు. అది వాగులో పడితే మన జాతులను మ్రింగివేస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది హక్కు. అది కోయలు నివసించే ఏజెన్సీ ప్రాంతం. జనం 1/70 చట్టమని పిలుచుకొనే 1970నాటి నిబంధన గిరిజనుల భూమి అన్యాక్రాంతం కారాదన్నది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు అక్కడి ప్రభుత్వ భూములను సైతం గనులకై గిరిజనేతర ప్రైవేటువారికి లీజుకివ్వరాదని తీర్పు చెప్పినది. ఆ న్యాయమే చేపల తొట్లకూ వర్తింపజేయాలి. తొట్లను వేలం వేయరాదు. స్థానిక గిరిజనుల సహకార సంఘానికే ఇవ్వాలి.

ఉద్యోగకాలమంతా సర్కారు కచేరీలో ఫైళ్ళమధ్య గడిపినవాడిని గనుక ఒక మాట చెబుతాను. "స్థానికులకు ప్రాధాన్యము" అని వ్రాస్తే చాలదు. స్థానికుడెవరు, వాటా ఎంత, గడువు ఎన్నాళ్ళు అన్నవి ఉత్తర్వులో అంకెలతో లేకపోతే, టెండరు పిలిచేనాటికి ఆ ప్రాధాన్యం ఎగిరిపోతుంది. నీటి పరీక్షాఫలితాలు కూడ పంచాయతీ గోడమీద తెలుగులో అతికించాలి.

తమ ఊరి నేలలోంచి ఉబికిన నీటితో ఎక్కడో దీపం వెలిగి, తమ పిల్లల కంచంలోకి చేపముక్క రాకపోతే, ఆ ఊరివారికి ఆ వేడి మిగిల్చేది ఆవిరే. అధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయం ఆలోచింతురుగాక.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బళ్ళారి.